నీరు తీసే మందు ఎన్నాళ్లు వెయ్యాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది గుంటూరు. మా బాబు 28 వారాలకే విజయవాడలో ఒక ఆస్పత్రిలో పుట్టాడు. పుట్టినప్పుడు బరువు 1,050 గ్రాములు. కొన్నాళ్లు వెంటిలేటర్, తర్వాత సీప్యాప్ (ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం), ఆ తర్వాత ముక్కు దగ్గర ఆక్సిజన్ పెట్టారు. 75 రోజులకి ఇంటికి పంపారు. అప్పుడు 2 కిలోల 200 గ్రాములు. ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా కుదుటపడలేదని, దాన్ని బీపీడీ (బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేజియా) అంటారని చెప్పారు. అక్కడ నీరు తీసే లాసిక్స్ ఇంజెక్షన్లు చేశారు. ఇప్పుడు ఇంట్లో నీరు తీసే మందులే, హైడ్రోక్లోరోథయాజైడ్, ఆల్డాక్టోన్ రోజూ వేస్తున్నాం. బాబుకి నాలుగు నెలలు నిండాయి, 3 కిలోల 200 గ్రాములున్నాడు. మందుల షాపులో "ఇవి బీపీకి, గుండెజబ్బుకి ఇచ్చే మందులు కదమ్మా" అన్నారు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. వాడి గుండెకో కిడ్నీకో ఏమైనా ఉందా? డైపర్లు తెగ తడిసిపోతున్నాయి, ఒంట్లో నీరంతా పోతుందేమోనని భయం. మా అత్తయ్య గారు "పసివాడికి అన్నేసి మందులెందుకు, నెమ్ముకి బార్లీ నీళ్లు పట్టు" అంటున్నారు. ఈ మందులు ఎన్నాళ్లు వెయ్యాలి? మావారు మిర్చి యార్డులో గుమాస్తా. ఆ ఘాటు బాబుకి పడుతుందా? మాఘమాసంలో మా తమ్ముడి పెళ్లి ఉంది, బాబుని తీసుకెళ్లొచ్చా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీ నిద్ర చెడగొట్టిన మాట సంగతి చూద్దాం. షాపులో చెప్పింది నిజమే, ఇవి బీపీకీ గుండెకీ వాడే మందులే. కానీ మీ బాబుకి వాటిని రాసింది ఆ జబ్బుల కోసం కాదు. ఈ మందులు చేసే పని ఒక్కటే. ఒంట్లోని ఉప్పుని, దానితోపాటు నీటిని మూత్రంలోకి పంపిస్తాయి. గుండెజబ్బు ఉన్నాయనకి కాళ్ల వాపు తగ్గాలని ఇస్తారు. మీ బాబుకి ఊపిరితిత్తుల్లో చేరిన చెమ్మ తగ్గాలని ఇచ్చారు. మీరు రాసినదాన్ని బట్టి గుండె, కిడ్నీ జబ్బులని అనుమానించే కారణమేదీ నాకు కనిపించలేదు. అయినా గుండెకి ఎకో పరీక్ష చేశారేమో డిశ్చార్జి కాగితాల్లో చూడండి. ఇలాంటి పిల్లల్లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిందా లేదా అని చూడడానికి ఆ పరీక్ష చేస్తారు. చెయ్యకపోయి ఉంటే వచ్చేసారి అడిగి చేయించండి.

ఆ చెమ్మ ఎక్కణ్నుంచి వచ్చిందో చెబితే మిగతా ప్రశ్నలకి సగం జవాబు దొరుకుతుంది. 28 వారాల బిడ్డకి ఊపిరితిత్తుల్లో అసలైన గాలిగదులు ఇంకా ఏర్పడవు. సన్నగొట్టాల చివర పెద్ద పెద్ద సంచుల్లాంటివి మాత్రమే ఉంటాయి. గదులుగా విడిపోవడం దాదాపు 36 వారాలకి మొదలై, పుట్టిన తర్వాత రెండు మూడేళ్ల దాకా జోరుగా సాగుతుంది. అమ్మ కడుపులో జరగాల్సిన ఆ పని మీ బాబుకి వెంటిలేటర్ గాలి ఒత్తిడి మధ్య, ఆక్సిజన్ మధ్య జరగాల్సి వచ్చింది. బతకాలంటే ఆ రెండూ తప్పవు. కానీ వాటివల్ల లేత ఊపిరితిత్తులు వాచాయి, వాటిలోని సన్నటి రక్తనాళాలు నీరు కార్చాయి. బూరుగుదూది దిండు తడిస్తే బరువెక్కి పొంగకుండా ఎలా ఉండిపోతుందో, చెమ్మగిల్లిన ఊపిరితిత్తి కూడా అంతే. దాన్ని సాగదీసి గాలి నింపుకోవడానికి బిడ్డ డొక్కలెగరేస్తూ శ్రమపడాలి. ఈ జబ్బుని మొదట 1967లో స్టాన్‌ఫర్డ్‌లో నార్త్‌వే అనే రేడియాలజిస్టు, ఆయన సహచరులు వర్ణించారు. వాళ్లు చూసిన పిల్లలు మీ బాబు కంటే నెలలు బాగా నిండినవాళ్లే. ఇప్పుడు వాళ్లకంటే ఎంతో ముందు పుట్టినవాళ్లు కూడా బతికి ఇంటికి వెళ్తున్నారు. అందుకే బీపీడీ ఇప్పటికీ మన వార్డుల్లో ఉంది.

నీరు తీసే మందులు ఆ తడిని తగ్గిస్తాయి, అంతవరకే. కొన్ని గంటల్లో, కొన్ని రోజుల్లో ఊపిరితిత్తి మెత్తబడుతుంది, శ్వాస తేలికవుతుంది, ఆక్సిజన్ అవసరం కొంత తగ్గొచ్చు. కానీ ఒక్క కొత్త గాలిగదిని కట్టే శక్తి కూడా వీటికి లేదు. ఇది మీకు దాపరికం లేకుండా చెప్పాలి. ఈ మందుల మీద జరిగిన పరిశోధనలన్నింటినీ జల్లెడ పట్టిన కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్షలు తేల్చింది ఏమిటంటే, మూడు వారాలు దాటిన పిల్లల్లో ఊపిరితిత్తుల పనితీరు మెరుగవుతుంది. అయితే దానివల్ల ప్రాణాపాయం తగ్గిందనిగానీ, ఏళ్ల తర్వాత ఊపిరితిత్తులు మరింత బాగుంటాయనిగానీ చెప్పడానికి ఆధారం చాలదు. అందుకే అందరికీ మామూలుగా ఇచ్చే మందులు కావివి. ఒక ఆస్పత్రిలో చాలామందికి ఇస్తారు, మరోచోట ఎవరికో ఒకరికి ఇస్తారు. మా డాక్టర్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. పోల్చి చూడాలంటే, నెలలు నిండని పిల్లలకి శ్వాస ఆగకుండా పుట్టిన తొలి రోజుల్లోనే ఇచ్చే కెఫీన్ అనే మందు విషయంలో అంత సందేహం లేదు. 2006లో వెలువడిన పెద్ద అధ్యయనంలో కెఫీన్ ఇచ్చిన పిల్లల్లో ఈ జబ్బు 36 శాతం మందికి వస్తే, ఇవ్వనివాళ్లలో 47 శాతం మందికి వచ్చింది. నీరు తీసే మందుకి అలాంటి రుజువు లేదు. దాన్ని కొంతకాలం చేయూతగానే చూడాలి.

ఇప్పుడు మీరు అడగకుండానే మీ ఉత్తరంలో ఉన్న మంచి వార్త చెబుతాను. ఇంటికి వచ్చినప్పుడు 2,200 గ్రాములు, ఇప్పుడు 3,200. నలభై అయిదు రోజుల్లో కిలో పెరిగాడు, అంటే రోజుకి సుమారు 22 గ్రాములు. ఈ దశలో మేం కోరుకునేది 20 నుంచి 30. శ్వాసకే శక్తి అంతా ఖర్చయిపోయే బిడ్డ ఇలా పెరగడు. ఆ గాలిగదుల్ని కట్టేది ఈ పెరుగుదలే, మందు కాదు. మీ పాలు, మీ చేతి శ్రమ కడుతున్నాయి.

ఎన్నాళ్లు అన్నదానికి జవాబు కూడా ఈ బరువులోనే ఉంది. చాలామంది డాక్టర్లు ఇంటికి వెళ్లాక బరువు పెరిగినా మోతాదు పెంచరు. మీ బాబుకి 2.2 కిలోలప్పుడు రాసిన మోతాదే ఇప్పటికీ వేస్తున్నారనుకోండి, కిలోకి పడే మందు ఇప్పటికే దాదాపు మూడోవంతు తగ్గిపోయినట్టు. బిడ్డ మందుని దాటి పెరుగుతాడు. అలా కొన్ని వారాలు గడిచాక, శ్వాస తేలిగ్గా ఉంటే, రక్తంలో ఆక్సిజన్ శాతం నిలకడగా ఉంటే, ముందు ఒక మందు, తర్వాత రెండోది ఆపి చూస్తారు. కొందరికి నెల, రెండు నెలలు పడుతుంది, కొందరికి ఇంకాస్త. తేదీ నేను చెప్పలేను, బాబుని చూస్తున్న డాక్టర్ చెప్పాలి. మీరు చెయ్యాల్సింది ఒకటుంది. ప్రతి చెకప్‌లోనూ "ఈ మందు ఇంకా అవసరమేనా, ఎప్పుడు ఆపి చూద్దాం?" అని అడగండి. పాత చీటీ చూసి మందు కొంటూ పోవడం వల్ల అవసరం తీరాక కూడా నెలల తరబడి ఇది వాడుతున్న పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. తల్లి అడిగితే అలా జరగదు.

అలాగని మీ అంతట మీరు ఒక్కసారిగా మానెయ్యకండి. ఇంకా అవసరం ఉన్న బిడ్డకి రెండు మూడు రోజుల్లోనే నీరు మళ్లీ చేరి ఆయాసం వస్తుంది. మానిపించేది డాక్టరే కావాలి, మానేశాక కొన్నాళ్లు బాబుని గమనించాలి.

దుష్ఫలితాల గురించి భయపడ్డారు. ఆ భయం సగం లాసిక్స్‌కి చెందుతుంది, మీ చేతిలో ఉన్న రెండింటికీ అంతగా కాదు. లాసిక్స్ బలమైన మందు. పెద్దవాళ్ల ఒంట్లోంచి గంటల్లోనే వెళ్లిపోతుంది. నెలలు నిండని బిడ్డ కిడ్నీ దాన్ని తోసెయ్యడానికి చాలా ఎక్కువసేపు తీసుకుంటుంది, ఒక్కోసారి సగానికి తగ్గడానికే దాదాపు రోజంతా పడుతుంది. అందుకే తరచుగా ఇస్తే ఒంట్లో పోగుపడుతుంది. అది సోడియం, పొటాషియం, క్లోరైడ్‌తోపాటు కాల్షియాన్ని కూడా మూత్రంలోకి తోసేస్తుంది. ఎముకలు పలచబడొచ్చు, కిడ్నీలో సున్నపు రేణువులు పేరుకోవచ్చు, వినికిడి మీద కూడా ప్రభావం పడొచ్చు. అందుకే అవసరం ఎక్కువ కాలం ఉన్నప్పుడు లాసిక్స్ నుంచి మీ బాబుకి ఇచ్చిన జంటకి మారుస్తారు. హైడ్రోక్లోరోథయాజైడ్ కాల్షియాన్ని పోనివ్వదు, ఒంట్లోనే నిలుపుతుంది. ఆల్డాక్టోన్ పొటాషియాన్ని నిలుపుతుంది. మీ డాక్టర్ ఆలోచించే రాశారు.

లాసిక్స్ ఎన్ని రోజులు ఇచ్చారో డిశ్చార్జి కాగితాల్లో చూసి, ఎక్కువ రోజులైతే కిడ్నీలకి ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించమని అడగండి. రేణువులు కనిపించినా బెంబేలెత్తకండి, చాలామంది పిల్లల్లో మందు ఆపాక కాలక్రమేణా అవే తగ్గిపోతాయి. చెవులకి బేరా అనే వినికిడి పరీక్ష తప్పకుండా చేయించాలి. లాసిక్స్‌తోపాటు జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడి ఉంటే మరీ ముఖ్యం. మీ ఉత్తరంలో కంటి పరీక్ష మాట కూడా లేదు. మన దేశంలో 34 వారాల లోపు పుట్టినా, 2 కిలోల లోపు ఉన్నా నెలలోపే రెటీనా (కంటి వెనక పొర) చూడాలి. మీ బాబుకి చూసే ఉంటారు, అయినా "రక్తనాళాలు పూర్తిగా పెరిగాయి, ఇక రానక్కర్లేదు" అని కంటి డాక్టర్ రాసిన కాగితం ఉందో లేదో ఇవాళే వెతకండి. లేకపోతే ఆలస్యం చెయ్యకుండా వెళ్లండి. ఊపిరితిత్తులకి కాలం తోడుంటుంది. ఆ వయసులో రెటీనాకి అంత గడువు ఉండదు.

రక్తపరీక్ష మాట. ఈ జంట వాడుతున్నంతకాలం సోడియం, పొటాషియం, క్లోరైడ్ మధ్యమధ్యలో చూడాలి. పసివాడిని గుచ్చుతున్నారని మనసొప్పక మానేసే తల్లుల్ని నేను అర్థం చేసుకోగలను. కానీ క్లోరైడ్ బాగా పడిపోతే రక్తంలో క్షారగుణం పెరిగి, శ్వాస పీల్చుకోమనే మెదడు ఆదేశం మందగిస్తుంది. శ్వాస కోసం ఇచ్చిన మందు శ్వాసకే అడ్డొస్తుంది. ఉప్పు తక్కువైతే పాలు బాగా తాగుతున్నా బరువు ఆగిపోతుంది. ఒక చిన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. మడమ దగ్గర గట్టిగా పిండి తీసిన రక్తంలో పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అలాంటి రిపోర్టు వస్తే నరం నుంచి మళ్లీ తీయించమని అడగడం తప్పు కాదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో (జీజీహెచ్) ఈ పరీక్షలు చేస్తారు, వాటికోసం ప్రతిసారీ వారధి దాటి విజయవాడ రానక్కర్లేదు.

ఇక బార్లీ నీళ్లు. మీ అత్తయ్య గారి ఆదుర్దా నాకు తెలుసు. ఆ మనవడు ఆస్పత్రిలో ఇన్‌క్యుబేటర్ పెట్టెలో ఉన్నన్నాళ్లూ ఆవిడ ఎన్ని మొక్కులు మొక్కారో. ఈ భాగం ఆవిడకి చదివి వినిపించండి. పెద్దవాళ్లకి మూత్రం సాఫీగా పోవడానికి బార్లీ మంచిదే. మూడు కిలోల బిడ్డ పొట్ట చాలా చిన్నది. అందులో బార్లీ నీళ్లు పోస్తే ఆ మేరకి పాలు తగ్గుతాయి. మామూలు పసివాడికి రోజుకి కిలోకి 100 కేలరీల చిల్లర సరిపోతే, శ్వాసకి కష్టపడే ఈ బాబుకి 120 నుంచి 150 దాకా కావాలి. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకి సుమారు 67 కేలరీలుంటాయి. అందుకే కొందరికి తల్లిపాలలోనే బలం పొడి కలిపి ఇస్తారు. మీ బాబుకి అవసరమా అని డాక్టర్ని అడగండి. పైగా నీళ్లు తాగించడమంటే మందుతో బయటికి పంపుతున్నదాన్ని మళ్లీ లోపలికి పొయ్యడమే. కొబ్బరినీళ్లు మరీ వద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ, ఆల్డాక్టోన్ పొటాషియాన్ని బయటికి పోనివ్వదు, రెండూ కలిస్తే గుండె లయకి ప్రమాదం. గ్రైప్ వాటరూ, వస కొమ్మూ కూడా పక్కన పెట్టండి. పుట్టిన ఆరు నెలల దాకా పాలు, డాక్టర్ రాసిన మందులు, విటమిన్ చుక్కలు, ఐరన్. అంతకుమించి ఏమీ వద్దు.

డైపర్లు తడవడం మందు పనిచేస్తోందనడానికి గుర్తు. రోజుకి ఆరేడు బాగా తడిస్తే కంగారు లేదు. తడవకపోతేనే కంగారుపడాలి. ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, మాడు గుంటపడినా, నోరు ఎండినా, ఎప్పుడూ లేనంత మగతగా ఉన్నా వెంటనే చూపించండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మందు వెయ్యడానికి ముందే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, ఆ రోజుల్లో ఆపమని చెప్పొచ్చు. మన ఎండాకాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు. అప్పటికీ మందు నడుస్తుంటే ఏప్రిల్ రాకముందే ఒకసారి మోతాదు మాట్లాడుకోవాలి.

బరువు వారానికోసారి, అదే కాటా మీద, బట్టలు విప్పి చూడండి. అంగన్‌వాడీలోనో ఆశా కార్యకర్త దగ్గరో తూచినా సరే. రోజుకి పాతికో ముప్ఫయ్యో గ్రాములు పెరగడం ఆనందం. ఒకటి రెండు రోజుల్లోనే వంద, నూటయాభై పెరిగి, కళ్లు ఉబ్బి, పాలు తాగుతూ చెమటలు పట్టి ఆయాసపడితే అది కండ కాదు, నీరు. బాబు హాయిగా నిద్రపోతున్నప్పుడు నిమిషం పూర్తిగా శ్వాసలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకోండి. మీ బాబు మామూలు లెక్క మీకు తెలిస్తే తేడా మీకే ముందు తెలుస్తుంది. డొక్కలెగరేస్తూ మూలుగుతున్నా, పెదాలు నీలమైనా, శ్వాస మధ్యలో ఆగినా 108కి ఫోన్ చెయ్యండి. వాళ్లకి "నెలలు నిండని బిడ్డ, బీపీడీ, ఈ మందులు" అని చెప్పడానికి ఒక చీటీ రాసి గోడకి అంటించి ఉంచండి.

మందు కొలత దగ్గర జాగ్రత్త. ఆల్డాక్టోన్ మాత్రే 25 మిల్లీగ్రాములు, మీ బాబుకి అందులో కొంత భాగమే. పొడిచేసి నీళ్లలో కలిపి ఇంత ఇవ్వమని చెప్పి ఉంటే, మిల్లీగ్రాములు ఎన్ని, మిల్లీలీటర్లు ఎన్ని అని రెండూ కాగితం మీద రాయించుకోండి. రెండూ ఒకటి కావు. చెంచాతో కాదు, సూదిలేని సిరంజితో కొలవండి. మందు కక్కేస్తే మళ్లీ పొయ్యకండి, ఫోన్ చేసి అడగండి.

యార్డు ఘాటు సంగతి చాలామంది డాక్టర్లకి తట్టదు, మీరు అడిగినందుకు సంతోషం. మిర్చి దుమ్ము పెద్దవాళ్లకే దగ్గు తెప్పిస్తుంది, ఈ ఊపిరితిత్తులకి చెప్పేదేముంది. సీజన్ మొదలైతే ఆ పొడి ఆయన జుట్టులో, చొక్కా మడతల్లో ఇంటిదాకా వస్తుంది. ఆయన రాగానే బట్టలు బయటే విడిచి, తలస్నానం చేశాకే బాబుని ఎత్తుకోవాలి. ఆ బట్టలు ఇంట్లో దులపకండి. తిరగమోత పెట్టేటప్పుడు బాబు వేరే గదిలో ఉండాలి. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ, దోమల కాయిల్, అగరుబత్తి వద్దు. దోమతెర వాడండి. ఇంట్లో ఎవరూ బీడీ, సిగరెట్ కాల్చకూడదు, బయట కాల్చి వచ్చినా నోరు, చేతులు కడగకుండా దగ్గరికి రాకూడదు.

టీకాలు పుట్టిన తేదీ లెక్కనే వెయ్యాలి, నెలలు తక్కువని ఆపకూడదు. 14 వారాల టీకాలు కూడా అయిపోయి ఉండాలి, కాకపోతే ఈ వారమే వేయించండి. ఆరో నెలలో ఫ్లూ టీకా అడగండి. ఇంట్లో పెద్దవాళ్లూ వేయించుకుంటే ఇంకా మేలు.

పెళ్లికి బాబుని తీసుకెళ్లకండి. మాఘమాసపు చలిలో జలుబులు తిరిగే రోజులు, కల్యాణమండపం నిండా జనం, హోమం పొగ, ప్రతివాళ్లూ ముద్దుపెట్టుకుంటామంటారు. మామూలు బిడ్డకి జలుబయ్యేది ఈ బాబుకి మళ్లీ ఆక్సిజన్ దాకా తీసుకెళ్లగలదు. అలాగని మీరు మానుకోవద్దు, తమ్ముడి పెళ్లి మళ్లీ రాదు. ముహూర్తానికి నాలుగైదు గంటలు వెళ్లి రండి. ముందే పాలు పిండి శుభ్రమైన మూతగిన్నెలో పెట్టండి. చల్లటి గదిలో నాలుగు గంటల దాకా ఉంచొచ్చు, ఫ్రిజ్‌లో అయితే ఒక రోజు. ఆ పూట మందు మీ చేత్తో వేసి బయల్దేరండి. బాబుని మీ అత్తయ్య గారి దగ్గర వదలండి. డొక్కలెగరడం, మాడు గుంటపడడం ఎలా ఉంటుందో ఆవిడకి చూపించండి, 108 చీటీ ఎక్కడుందో చెప్పండి. ఆవిడ బార్లీ గిన్నె జోలికి పోకుండా వాడిని కళ్లల్లో వత్తులు వేసుకుని చూసుకుంటారు.